ఇంపోర్ట్ ఎర్రర్ వస్తే పైథాన్ మనకు రాదని కాదు



హనుమకొండలో హాస్టల్‌లో ఉండి చదువుకునే మన తమ్ముడొకడు పోయిన నెల మెస్ బిల్లుల ప్రోగ్రాం రాసిండు. హాస్టల్ అనే ఫోల్డర్, అందులో హాజరు.పై, మెస్.పై. ఎవరు ఎన్ని రోజులు తిన్నరో హాజరులో నుంచి తీసుకొని మెస్ బిల్లు వేస్తది. ల్యాబ్‌లో నడిపితే 'నో నోన్ పేరెంట్ ప్యాకేజ్' అని ఎర్రర్. అక్కడున్నాయన "ముందు బేసిక్స్ నేర్చుకో" అన్నడట. రెండు వారాలు వాడు పైథాన్ ముట్టలేదు.

మేం చూస్తే కోడ్‌లో తప్పే లేదు. తప్పంతా నడిపిన తీరులో ఉంది.

మెస్.పైలో 'ఫ్రమ్ .హాజరు ఇంపోర్ట్ రోజులు' అని ఉంది. ఆ చుక్కకు అర్థం 'నేనున్న ప్యాకేజీలోనే వెతుకు' అని. తండాలో నిలబడి "మా పక్కింట్ల అడుగు" అంటే ఎవరికైనా తెలుస్తది. హనుమకొండ బస్టాండ్‌ల అదే మాట అంటే ఏ ఇంటి పక్కిల్లు? మెస్.పైని నేరుగా నడిపితే పైథాన్ దానికి 'మెయిన్' అని పేరు పెడతది, అది హాస్టల్‌కు చెందినదని గుర్తించదు. హాస్టల్‌కు బయట, పై ఫోల్డర్‌లో ఉండి 'పైథాన్ -ఎం హాస్టల్.మెస్' అంటే ముందు హాస్టల్ దొరుకుతది, ఆ తర్వాత దాని సొంత పాత్‌లోనే మెస్‌ను వెతుకుతది. చుక్కకు ఊరు దొరికినట్టే. వాడి బిల్లులు వచ్చినయి.

ఇగ మామూలు ఇంపోర్ట్ సంగతి. ఇప్పటికే లోడ్ అయినవాటిని, తనలోనే కలిసి ఉన్నవాటిని పైథాన్ ముందు చూస్తది. తర్వాత సిస్.పాత్ లిస్టును వరసగా చూస్తది: మొదట మన ఫైలున్న ఫోల్డర్ (-ఎం వాడితే మనం నిలబడ్డ ఫోల్డర్), తర్వాత స్టాండర్డ్ లైబ్రరీ, చివర పిప్‌తో వేసుకున్నవి ఉండే సైట్-ప్యాకేజెస్. మొదట దొరికిందే తీసుకుంటది. మేం ప్రాక్టీస్ ఫైలుకు రాండమ్.పై అని పేరు పెట్టి ఒక రాత్రంతా పోగొట్టుకున్నం. అసలు రాండమ్ బదులు మా ఫైలే వచ్చి కూర్చుంది మరి!

"ఇవన్నీ చిన్న విషయాలు, జాబ్‌కు పనికొచ్చే పాండాస్ చెప్పండి" అని మన సీనియర్లు కొందరు అంటున్నరు. మేం ఒప్పుకోం. సొంత ల్యాప్‌టాప్ ఉన్నోళ్లకు ఇది తెలవకున్నా నడుస్తది, ఒక్కసారి సెట్ చేసుకుంటే అయిపాయె. మనోళ్లు ఎక్కువ మంది ఇయ్యాల ఒక సిస్టమ్, రేపు ఇంకో సిస్టమ్ మీద కూర్చునేటోళ్లు. నిన్న పాండాస్ వేసుకున్న సిస్టమ్ వేరు, ఇయ్యాల్టి సిస్టమ్‌ల అది ఉండదు. ఒక్క సిస్టమ్‌లోనే రెండు పైథాన్‌లుంటే ఒకదాంట్ల వేసింది ఇంకోదానికి కనబడదు. అందుకే ఉత్త పిప్ కాదు, 'పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్' అనాలె. ఏ పైథాన్‌తో నడుపుతున్నమో దాంట్లకే పోతది. యూట్యూబ్‌ల చూసి సిస్.పాత్‌కు 'సి డ్రైవ్, యూజర్స్...' అని దారి అతికించుడు కూడా ఆ ఒక్క సిస్టమ్‌కే పనికొస్తది.

ఈ ఆదివారం క్లాసులో పాండాస్ ఆపి ఇదే చెప్తున్నం. ఎవరికి ఏ ఎర్రర్ వచ్చిందో ఫోటో తీసుకొని రండి. ఏ ఫోల్డర్‌ల ఉండి, ఏ కమాండ్‌తో నడిపిన్రో అది కూడా రాసుకొని రావాలె.