ఉంగరం తీయండి

కిందటి శ్రావణంలో మా అమ్మాయికి నెలలు నిండకుండానే, 32 వారాలకు కాన్పయింది. పాప బరువు 1,400 గ్రాములు. ఇక్కడ షోలాపూర్‌లో మన బంధుబలగం సంగతి చదువరులకు చెప్పాలా! సాయంత్రానికల్లా పదిహేనుమందిమి ఐ.సి.యు. తలుపు దగ్గర చేరాం. వియ్యపురాలుగారు తేనెసీసాతో సహా వచ్చారు.

నర్సు మా అమ్మాయికంటే చిన్నది. "ఆజోబా, ఉంగరం తీయండి" అంది మరాఠీలో. పెళ్ళినాటి ఉంగరం, ముప్పై ఏళ్ళుగా వేలు దిగలేదు. నాకు కోపం వచ్చింది. "లక్షల నోట్లు లెక్కపెట్టిన చేతులమ్మా ఇవి" అన్నాను. "అందుకే తీయమంటున్నాను" అంది.

సబ్బు రాసి లాగితే వచ్చింది. దాని కింద నల్లటి మురికిగీత చూసి సిగ్గుపడ్డాను.

రోగాల్ని ఎదిరించే శక్తి తల్లి నుంచి బిడ్డకు ముఖ్యంగా చివరి మూడు నెలల్లో అందుతుందట. మా పాప, గడువు తీరకముందే తీసేసిన డిపాజిట్టు లాంటిది. చర్మం పల్చన. సెలైన్ సూది, పాలగొట్టం క్రిములకు దారులే. వాటిని మోసుకొచ్చేవి ఎక్కువగా చేతులు, డాక్టరువైనా సరే. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. గడియారం పెట్టి చూసుకుంటే నా కడుగుడు ఎనిమిది సెకన్లు!

తేనె సీసాలోనే ఉండిపోయింది. తల్లిపాలే మందు అన్నారు. ముంబయి సయాన్ ఆసుపత్రిలో 1989లోనే తల్లిపాల బ్యాంకు పెట్టారని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళు బ్యాంకులో పనిచేసి ఆ బ్యాంకు సంగతి ఎరగను.

మమ్మల్ని ఆపిన మనిషి మా అమ్మాయిని మాత్రం లోపలే కూర్చోబెట్టింది, పాపను గుండెకు ఆనించి. ఇదేం న్యాయమని అడిగాను. తల్లి చుట్టం కాదట, చికిత్సలో భాగమట. మన దేశంతో కలిపి 5 దేశాల్లో జరిగి 2021లో వెలువడిన పరిశోధన సంగతి డాక్టరు చెప్పారు. 1,800 గ్రాముల లోపు పిల్లల్ని, కాస్త కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టగానే తల్లి ఒంటికి ఆనిస్తే మరణాలు 25 శాతం తగ్గాయట.

26వ రోజున పాప ఇంటికొచ్చింది. గుమ్మం పక్కన బకెట్టు, సబ్బు పెట్టాను. మా పెద్ద బావగారు వాటిని చూసి, చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగారు. ఇప్పటికీ నాతో మాటల్లేవు. బకెట్టు మాత్రం తీయలేదు.