ఎనిమిది నెలల సుంకం, నాలుగేళ్ల చెట్టు

అమ్వాజ్ అంటే అరబ్బీలో అలలు. బహ్రెయిన్‌లో ముహర్రక్ పక్కన, లోతు తక్కువ సముద్రాన్ని పూడ్చి లేపిన దీవుల పేరది. అక్కడి వంటింట్లోకి చేరే బియ్యమైనా పప్పైనా నూనైనా ఓడ దిగి రావలసిందే. గల్ఫ్ సహకార మండలి దేశాలు 2003లో చాలా సరుకుల మీద 5 శాతం ఉమ్మడి సుంకం పెట్టుకున్నాయి. చిన్న పన్ను, అందరికీ తెలిసిన పన్ను. కానీ తన ఇంటి లెక్క సరిగా ఉంటే చాలదని 2025 ఏప్రిల్ బహ్రెయిన్‌కు నేర్పింది. అమెరికాతో 2006 నుంచీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులో ఉన్నా, అందరితో పాటు దాని ఎగుమతుల మీదా 10 శాతం పడింది.

ఈ సందర్భంలో తిరగేయవలసిన పుస్తకం డగ్లస్ ఇర్విన్ రాసిన ‘క్లాషింగ్ ఓవర్ కామర్స్’ (2017). అమెరికా సుంకాల చరిత్రను ఆయన మూడు లక్ష్యాల చుట్టూ అల్లాడు: ఖజానాకు రాబడి, దిగుమతులకు అడ్డుకట్ట, ఇతర దేశాలతో ఇచ్చిపుచ్చుకోలు. ఒక్కో యుగంలో ఒక్కోటి పైచేయిగా నిలిచింది. ఈ మూడూ ఒకే ఒరలో ఇమడవు. రాబడి కావాలంటే సరుకు రావాలి. అడ్డుకట్ట కావాలంటే సరుకు ఆగాలి. బేరానికైతే, రేపు ఎత్తివేయగలిగిన సుంకం కావాలి. మూడూ ఒకేసారి సాధిస్తామనే ప్రభుత్వానికి నిజానికి ఏ లక్ష్యమూ లేనట్టే.

లక్ష్యం లేని సుంకం ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల రొయ్యల రైతుకు తెలుసు. 2025 ఏప్రిల్ 2న భారత సరుకు మీద అమెరికా ప్రకటించినది 26 శాతం. వారం తిరగకుండా దాన్ని వాయిదా వేసి 10 శాతంతో సరిపెట్టింది. ఆగస్టు 7న 25 శాతం, అదే నెల 27న 50 శాతం. వనామి పంట మూడు నాలుగు నెలలది. ఏప్రిల్‌లో పిల్ల వదిలిన చెరువు పట్టుబడికి వచ్చి, ఆ సరుకు అమెరికా రేవు చేరేసరికి, ఒకే పంటకాలంలో సుంకం ఐదు రెట్లయింది. మేతకు అప్పు తెచ్చిన రైతు ఏ అంకెను నమ్మి తెచ్చాడు?

ఆ ఆగస్టులో తెలుగు పత్రికల్లో ఆగ్రహం వెల్లువెత్తింది. న్యాయమే. అయితే అంతకు మూడు నెలల ముందు ఢిల్లీ చేసిన పనికి ఆ కలాలు ఎందుకు కదలలేదు?

2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద సున్నాగా ఉన్న మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం చేసింది. నూనెగింజల రైతును ఆదుకోవడానికి అన్నారు. 2025 మే 30న దాన్ని 10 శాతానికి దించింది. ఈసారి వినియోగదారుణ్ణి ఆదుకోవడానికి. రెండూ మంచి మాటలే. మధ్య వ్యవధి ఎనిమిదిన్నర నెలలు. ఆయిల్‌పామ్ మొక్క గెల వేయడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. నాటినవాడు పాతికేళ్లకు పైగా దానితో కాపురం చేయాలి. వరి మాని ఈ తోట వేయమని 2021లో జాతీయ మిషన్ పెట్టి పిలిచింది ఆ ప్రభుత్వమే. గెలల ధర ముడి నూనె ధరతో ముడిపడి ఉంటుంది. పెదవేగి నుంచి అశ్వారావుపేట దాకా ఉన్న తోటలవాళ్లకు సుంకం పేరిట దక్కినది రక్షణ కాదు, జూదం.

నూనె ధర మండితే పేదవాడి మూకుడు మాటేమిటని అడగవచ్చు. అడగవలసిందే. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. కానీ పేదవాడికి ఊరట ఇవ్వడానికి చౌక దుకాణం ఉంది, సబ్సిడీ ఉంది. ఆ ఖర్చు ఖజానా మోయాలి. సుంకం దించి ఊరట ఇస్తే ఆ బరువు బడ్జెట్‌లో కనబడకుండా తోట రైతు భుజం మీదికి జరుగుతుంది. ఇది దయ కాదు, లెక్క తప్పించడం.

సుంకాలే పాపమని వాదించేవారితోనూ పేచీయే. 1896లో దిగుమతి బట్టల మీద మూడున్నర శాతం సుంకం ఉంచి, మాంచెస్టర్ కోసం మన మిల్లు బట్ట మీద కూడా అంతే ఎక్సైజు వేసిన పాలనను ఈ దేశం దాదాపు ముప్ఫై ఏళ్లు భరించింది. రక్షణ అడిగే హక్కు ఆ అనుభవంలోంచి వచ్చింది. ఆ హక్కును స్వదేశీ నినాదంగా వల్లించి, నోటిఫికేషన్ చేతికిచ్చి ఊరుకోవడమే తప్పు.

రోగం రెండు రాజధానుల్లోనూ ఒకటే. ఇర్విన్ పుస్తకం నిండా కాంగ్రెస్‌లో ఏళ్ల తరబడి సాగిన వాదనలు. 2025లో అమెరికా అధ్యక్షుడు 1977 నాటి అత్యవసర అధికారాల చట్టాన్ని చూపి సుంకాలు వేశాడు. మన దేశంలో 1962 కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద ఒక నోటిఫికేషన్‌తో సుంకం తగ్గిపోతుంది. చట్టసభలో చర్చ జరిగితే రైతుకు కనీసం ముందుగా తెలిసేది.

సుంకం వేసేటప్పుడు మూడు లక్ష్యాల్లో ఏది ప్రధానమో చెప్పాలి. ఎంతకాలమో చెప్పాలి. ధర ఏ గీత దాటితే మారుతుందో ముందే రాసిపెట్టాలి. ఆ గడువు పంట వయసు కన్నా తక్కువైతే రైతును ఆ పంట వేయమని పిలవకూడదు. వాషింగ్టన్‌ను ఈ మాట అడిగే నైతిక బలం, ఢిల్లీని కూడా అడిగినవారికే ఉంటుంది.