పీఎంపీ పరీక్ష: పని మనది, కొలబద్ద ఎవరిది?

స్వచ్ఛంద సంస్థల ఉద్యోగ ప్రకటనల్లో ‘పీఎంపీ ఉన్నవారికి ప్రాధాన్యం’ అన్న మాట ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ అనే ఈ సర్టిఫికెట్‌ను, అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984 నుంచి ఇస్తోంది. మన దగ్గర చాలాకాలం సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్ళకే తెలిసిన పేరు ఇది. ఇప్పుడు మన గుమ్మం దాకా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఊరూరా తిరిగి సంఘాలు కట్టిన కార్యకర్త జిల్లా సమన్వయకర్త ఉద్యోగం అడిగితే, ‘మీకు సర్టిఫికెట్ లేదు కదమ్మా’ అనటానికి ఒక సాకు దొరికింది.

దీని గురించి మన మధ్య జరిగే చర్చ రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది. ఇదంతా కార్పొరేట్ల వ్యవహారం, మనకెందుకు అని కొందరు. రోజులు మారాయి, రాయక తప్పదు అని ఇంకొందరు. ఆ పరీక్షకు చదివేది ఎవరు, ఏ వేళలో చదవాలి, ఎవరి డబ్బుతో రాయాలి, నేర్చుకున్నది ఎవరి మేలుకు వాడాలి అన్న ప్రశ్నలు ఇద్దరూ వెయ్యటం లేదు. నా ఉద్దేశంలో ఈ చదువులో మనకు పనికొచ్చేది ఉంది. అయితే దాని బరువంతా ఒక్కొక్క స్త్రీ తన నెత్తిన వేసుకోవాలనటం అన్యాయం.

ముందు పనికొచ్చేది చూద్దాం. ఈ పరీక్షలో ప్రశ్నలు చాలావరకు ఒక సందర్భం చెప్పి, ‘మీరు మొదట ఏం చేస్తారు?’ అని అడుగుతాయి. ఉదాహరణకు ఇలా: ప్రాజెక్ట్ సగంలో ఉంది. నిధులిచ్చే సంస్థ ప్రతినిధి మీ బృందంలో ఒకామెకు ఫోన్ చేసి, పనిలో పనిగా ఇంకో సర్వే కూడా చేసి పెట్టమన్నాడు. మీరేం చేస్తారు? మన కార్యకర్తలను అడిగితే, పదిమందిలో ఎనిమిదిమంది ‘చేస్తాం, ఏం చేస్తాం మరి’ అంటారు. నిధులిచ్చేవాడి మాట కాదనలేం, పై అధికారికి చెబితే మన మీదే కోపం. రాత్రిపూట కూర్చుని ఆ ఫారాలు నింపుతారు. పరీక్ష కోరే జవాబు అది కాదు. ఆ సర్వే వల్ల సమయం ఎంత పెరుగుతుంది, ఖర్చు ఎంత, ఏ పని వెనకబడుతుంది అని ముందు లెక్క కట్టాలి. తర్వాత దాన్ని మార్పు కోరే విజ్ఞప్తిగా రాసి, అనుమతించాల్సిన వాళ్ళ ముందు పెట్టాలి. ఒప్పుకున్న పని హద్దులు చెప్పాపెట్టకుండా పెరిగిపోవటాన్ని ఈ శాస్త్రంలో ‘స్కోప్ క్రీప్’ అంటారు. జీతం పెరగకుండా పని పెరగటం మనకు కొత్త కాదు. దానికి ఒక పేరుందనీ, దాన్ని కాగితం మీద పెట్టి నిలదీసే పద్ధతి ఒకటుందనీ తెలియటం కొత్త. ఈ ఒక్క అధ్యాయం కోసమైనా ఈ పుస్తకాలు చదవొచ్చు.

రెండోది లెక్కలు. ‘ఎర్న్‌డ్ వాల్యూ’ అన్న మాట చూసి చాలామంది పుస్తకం మూసేస్తారు. నిజానికి అదేం బ్రహ్మవిద్య కాదు. ఇరవై ఊళ్ళలో శిక్షణ, పది నెలలు, పది లక్షల రూపాయలు అనుకుందాం. అయిదు నెలలు గడిచాయి. అయిదు లక్షలు ఖర్చయ్యాయి. శిక్షణ పూర్తయింది ఎనిమిది ఊళ్ళలో. ఖర్చు చూసేవాడు ‘సగం కాలం, సగం డబ్బు, అంతా సవ్యంగా ఉంది’ అని సంతకం పెడతాడు. ఊళ్ళు తిరిగే ఆమెకు మాత్రం గుండెల్లో రాయి. ఆమె భయం సరైనదేనని ఈ లెక్క చెబుతుంది. ఊరికి యాభై వేల చొప్పున ఎనిమిది ఊళ్ళ పని విలువ నాలుగు లక్షలు. దానికి అయిన ఖర్చు అయిదు లక్షలు. నాలుగుని అయిదుతో భాగిస్తే 0.8. ఇదే తీరున సాగితే మొత్తం పనికి పన్నెండున్నర లక్షలు కావాలి. ఈ సంగతి అయిదో నెలలో చెప్పగలిగితే దాన్ని సమాచారం అంటారు. పదో నెలలో బయటపడితే, క్షేత్ర సిబ్బంది చేతకానితనం అంటారు.

ఇక ఈ కొలబద్దకు అందనిది కూడా ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అక్షరాలు దిద్దుకోవటానికి కూర్చున్న స్త్రీలు తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక పోరాటం జిల్లా అంతటా పాకింది, వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చి, 1997లో నీరుగారిపోయింది, అది వేరే కథ. ప్రాజెక్ట్ భాషలో చెప్పాలంటే అక్షరాస్యత కార్యక్రమంలో సారా లేనే లేదు. పరీక్ష హాల్లో కూర్చుంటే, ఆ స్త్రీలు చేసింది కూడా హద్దు మీరిన పనే! దీన్నిబట్టి హద్దులే వద్దని నేననటం లేదు. నిధులిచ్చేవాడు మోపే అదనపు పనీ, స్త్రీలు తమంతట తాము ఎత్తుకున్న పనీ ఒకటి కాదు. ఆ తేడా పరీక్ష చెప్పదు. మనమే గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అర్హత సంగతి. 2021లో మారిన పరీక్ష నియమాల ప్రకారం, డిగ్రీ ఉన్నవాళ్ళకు 36 నెలలు, ఇంటర్ స్థాయి చదువున్నవాళ్ళకు 60 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ కావాలి. ఈ నియమాలు మారుతుంటాయి, దరఖాస్తుకు ముందు తాజావి చూసుకోండి. అనుభవానికి మనవాళ్ళకు కొదవ లేదు. చిక్కంతా దాన్ని రాయటంలోనే. కార్యకర్తల దరఖాస్తులు చూస్తే ప్రతి వాక్యంలోనూ ‘సహకరించాను’, ‘పాల్గొన్నాను’, ‘సార్‌కు తోడ్పడ్డాను’. నలభై ఊళ్ళలో కార్యక్రమం నడిపిందీ, పన్నెండుమందికి పని అప్పగించిందీ, బడ్జెట్ సరిదిద్దిందీ ఆమే. కాగితం మీద మాత్రం ఆమె సహాయకురాలు. ఆ సార్ దరఖాస్తులో అదే పని ‘నేను నడిపాను’ అని ఉంటుంది. చదువు మొదలుపెట్టే ముందు ఈ వాక్యాలు దిద్దుకోవాలి. అబద్ధం రాయనక్కరలేదు. చేసింది చేసినట్టు రాస్తే చాలు.

ఇక్కడ ఒక పొగడ్త గురించి చెప్పాలి. ‘ఆడవాళ్ళు ఇల్లు నడుపుతారు, పెళ్ళిళ్ళు చేస్తారు, మీరు పుట్టుకతోనే మేనేజర్లు’ అని శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. అందరూ చప్పట్లు కొడతారు. అదే పరీక్ష దరఖాస్తులో పెళ్ళి పనుల లాంటి సొంత ఇంటి పనులు అనుభవంగా చెల్లవు. ఇంటి చాకిరీని పొగిడే చోట విలువ కట్టరు, విలువ కట్టే చోట లెక్కలోకి తీసుకోరు. ఆ పొగడ్త ఎవరికి కావాలి?

తయారీకి కావలసింది తెలివి కంటే ముందు సమయం. 2021 పద్ధతిలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు 77 సెకన్లు కూడా రావు. ఆలోగా నాలుగైదు వాక్యాల ఇంగ్లీషు సందర్భం చదివి, సరైనవిగా కనిపించే నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచాలి. ఈ పరీక్ష తెలుగులో లేదు. తెలుగు మీడియంలో చదివిన స్త్రీకి విషయం తెలిసి కూడా సమయం చాలదు. ఇంటినుంచే ఆన్‌లైన్‌లో రాసే వీలుంది. అయితే తలుపు వేసిన గదిలో ఒక్కరే ఉండాలి, ఇంకెవరైనా లోపలికొస్తే పరీక్ష రద్దు కావచ్చు. దాదాపు నాలుగు గంటలు ఎవరూ తలుపు తట్టని గది మనలో ఎంతమందికి ఉంది? మోడల్ పరీక్షలు రాసిన ప్రతిసారీ ఆ గది కావాలి మరి. అందుకే అసలు పరీక్షకు హైదరాబాద్ వంటి నగరాల్లో ఉన్న కేంద్రాలకు వెళ్ళటమే నయం, ప్రయాణం ఖర్చయినా సరే.

ఒంటరిగా చదవటం కంటే అయిదారుగురు కలిసి చదవటం మేలు. వారానికి రెండు పూటలు ఆఫీసులోనే, పనివేళల్లోనే కూర్చోవాలి. ముందు విషయాన్ని తెలుగులో, మన ప్రాజెక్టుల ఉదాహరణలతో వాదించుకోవాలి. ఆ తర్వాత ఇంగ్లీషు ప్రశ్నలు పైకి చదవాలి. జవాబు తప్పితే, నిజజీవితంలో మనమైతే ఏం చేసేవాళ్ళం, పరీక్ష ఏం కోరుతోంది అని విడివిడిగా రాసుకోవాలి. మన కార్యకర్తలు తప్పేది ఎక్కువగా ఈ రెండూ కలిసిపోయే చోటనే. ఇలా మూడు నాలుగు నెలలు పడుతుంది. పీఎంపీ బరువనుకుంటే, అభివృద్ధి రంగం వాళ్ళ కోసమే తయారైన ప్రాజెక్ట్ డీప్రో (పూర్వం పీఎండీ ప్రో) అనే పరీక్ష ఉంది. దాని గైడు ఉచితంగా దొరుకుతుంది. పరీక్ష రాయకపోయినా ఆ గైడు ప్రతి ఆఫీసులో ఉండదగ్గది.

డబ్బు లేదని సంస్థలు అంటాయి. పూర్తిగా సాకు అనలేం. విదేశీ నిధుల చట్టానికి 2020 సెప్టెంబరులో చేసిన సవరణ, పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కుదించింది. ఆ దెబ్బ మొదట తగిలేది సిబ్బంది శిక్షణకే. అలాంటప్పుడు సర్టిఫికెట్ కావాలని కోరే దాతలనే అడగాలి, అదీ ప్రతిపాదన రాసే దశలోనే. అర్హత కావాలన్నవాడు దాని ఖర్చు కూడా భరించాలి. పరీక్ష ఫీజు చాలా చోట్ల క్షేత్ర కార్యకర్త నెల జీతాన్ని మించుతుంది. ఒకసారి పాసైతే అయిపోదు కూడా. మూడేళ్ళకోసారి 60 పీడీయూలు, అంటే అన్ని గంటల చదువో ఆ రంగానికి చేసిన సేవో, చూపించి మళ్ళీ డబ్బు కట్టి పునరుద్ధరించుకోవాలి.

పాసైన తర్వాత జీతం ఎంత పెరుగుతుందో చదువు మొదలుకాకముందే కాగితం మీద ఉండాలి. ఇప్పటికే సంస్థలో పనిచేస్తున్న సంఘం స్త్రీలకు సర్టిఫికెట్ లేదని పదోన్నతి ఆపకూడదన్నది కూడా అదే కాగితంలో రాయించుకోవాలి. ఇంకో విషయం, మనవాళ్ళు అడగటానికి మొహమాటపడేది: తప్పితే మళ్ళీ రాయటానికి వేరే ఫీజు ఉంటుంది. ఒక ఏడాదిలో మూడుసార్లు రాసే అవకాశం ఇస్తారు. రెండోసారి ఫీజు ఎవరు కడతారో కూడా మొదటి రోజే తేల్చుకోవాలి.