పిల్లకుక్కకు ఉరితాడు లాంటి గొలుసెందుకు?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో కుక్కపిల్లల పెంపకం మీద మీరు వేసిన వ్యాసంలో టీకాల సంగతి, తిండి సంగతి చక్కగా చెప్పారు. బెల్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, మూడో నెల నుంచే చోక్ చైన్ వేస్తే లాగే అలవాటు రాదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నా పేచీ ఆ వాక్యంతోనే. దుకాణాల్లో చెప్పేదీ అదే మాట. పత్రికలో కూడా వచ్చాక ఇంకెవరు అనుమానిస్తారు? ఏడాది నిండని కుక్కకు చోక్ చైన్ గానీ, లోపలికి ముళ్లుండే పట్టీ గానీ వేయకూడదని నా వాదన.

చోక్ చైన్‌కు రెండు చివరలా రింగులుంటాయి. ఒక రింగులోంచి గొలుసును దూరిస్తే ఉచ్చు తయారవుతుంది. దాంతో నేర్పిన పాతకాలపు శిక్షకులు కూడా ఒక్క కుదుపు ఇచ్చి వెంటనే వదలమనే చెప్పారు. కుక్క మనకు ఏ పక్కన నడుస్తుందో చూసుకుని తొడిగితేనే ఆ గొలుసు తిరిగి వదులవుతుంది. తిరగేసి తొడిగితే బిగుసుకున్నది బిగుసుకున్నట్టే ఉంటుంది. మన కాలనీల్లో పొద్దున్నే కనిపించేది ఏమిటి? కుక్క ముందుకు, యజమాని వెనక్కి లాగుతుంటారు. వీధి మొదలు నుంచి చివరి దాకా గొలుసు బిగిసే ఉంటుంది, కుక్క దగ్గుతూనే ఉంటుంది. కఠినమైన శిక్షణ అని దీన్ని సమర్థించడానికి కూడా వీల్లేదు, ఇందులో శిక్షణే లేదు కాబట్టి.

ఆ ఉచ్చు బిగిసే చోటే శ్వాసనాళం, థైరాయిడ్ గ్రంథి, తలకు రక్తం తీసుకెళ్లే నాళాలు ఉంటాయి. మెడపట్టీతో లాగినప్పుడు కుక్కల కంటిలోపలి పీడనం పెరుగుతుందనీ, ఛాతీకి కట్టే హార్నెస్‌తో అలా పెరగదనీ 2006లో అమెరికాలోని పశువైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కళ్లు బయటికి పొడుచుకొచ్చి, ముక్కు అణిగిపోయి, మామూలుగానే ఊపిరికి అవస్థ పడే పగ్ జాతికి ఇది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఒకప్పటి హచ్ మొబైల్ నెట్‌వర్క్ ప్రకటన చూసి పగ్‌లను ఎగబడి కొన్న ఊరు మనది. ఆ ప్రకటనలో కుక్క పిల్లాడి వెంటే తిరుగుతుంది, దాని మెడకు తాడే ఉండదు!

ముళ్ల పట్టీలకు పాత చరిత్ర ఉందనేవాళ్లున్నారు. ఉంది, కాదనను. హిమాలయాల్లో గొర్రెల కాపరులు తమ కుక్కలకు ముళ్లున్న ఇనుప పట్టీలు వేస్తారు, చిరుత మెడ పట్టుకోకుండా. ఆ ముళ్లు బయటికి ఉంటాయి. దుకాణంలో అమ్మే శిక్షణ పట్టీకి లోపలికి ఉంటాయి. జర్మనీ 2022 నుంచి శిక్షణలో వీటి వాడకాన్ని నిషేధించింది. కరెంటు షాకిచ్చే పట్టీలను వేల్స్ 2010లోనే ఆపేసింది. మన దగ్గర 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ మరీ పొట్టిదో బరువైనదో అయిన గొలుసుతో జంతువును అదేపనిగా కట్టేసి ఉంచడం నేరమంటుంది. తొలిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఒక గొలుసు ఖరీదు అంతకంటే ఎక్కువ.

మా ఇంటి పెద్దలు అనే మాట ఒకటుంది: ఎద్దుకు ముకుతాడు లేదా, కుక్కకు గొలుసేస్తే తప్పేమిటి అని. నిజమే, కానీ లేగదూడకు ముకుతాడు పొడిచే రైతు ఉండడు. మెడకు పలుపు కట్టి, వెంట నడిపించి, మచ్చిక చేసి, అది ఎదిగి పనికి వచ్చే వేళకు గానీ ముక్కు జోలికి పోడు. మనం రెండు నెలల కుక్కపిల్లకు ఆ పాటి ఓపిక కూడా చూపించం.

అసలు పిల్ల ఎందుకు లాగుతుంది? మెడ మీద ఒత్తిడి పడితే ఎదురు తన్నడం దాని స్వభావం. పైగా లాగితే పనవుతోంది: వాసన వస్తున్న స్తంభం దగ్గరికి చేరుతోంది. ఆ లాభం లేకుండా చేస్తే చాలు. ముందు ఇంట్లోనే, తేలికైన నైలాన్ బెల్టు వేసి కాసేపు ఆడుకోనివ్వాలి. అలవాటయ్యాక సన్నని తాడు తగిలించి, మనం చూస్తుండగా ఈడ్చుకు తిరగనివ్వాలి. బయటికి తీసుకెళ్లాక తాడు బిగిసిన క్షణాన మనం ఆగిపోవాలి. వెనక్కి లాగొద్దు, అరవొద్దు. తాడు వదులైతే నడక మొదలు. మోకాలి పక్కకు వచ్చినప్పుడల్లా ఉడికించిన చికెన్ తునక ఒకటి. మొదట్లో గేటు దాటడానికే చాలాసేపు పడుతుంది, విసుగొస్తుంది. ఆఫీసుకు టైమైపోతోందని ఒకరోజు లాగనిచ్చి, మర్నాడు ఆపితే పిల్లకు ఏమీ అర్థం కాదు. ఇంట్లో అందరూ ఒకే తీరుగా చేయాలి, ముఖ్యంగా తాతయ్యలు!

రాట్‌వైలర్ లాంటివి ఇలా ఆగుతాయా అంటారు. అది పెద్దదయ్యాక ఆపడం కష్టం కనుకే పిల్లగా ఉన్నప్పుడు నేర్పమంటున్నాను. బలం చాలదనుకునేవాళ్లు ఛాతీ ముందు రింగుండే హార్నెస్ వాడొచ్చు. లాగితే కుక్క పక్కకు తిరిగిపోతుంది. రింగు వీపు మీదే ఉన్న రకం కొంటే లాగడం దానికి ఇంకా సులువవుతుంది, మంచు బళ్లు లాగే కుక్కలకు కట్టేవీ హార్నెస్‌లే. లాగినకొద్దీ సాగి, బొత్తాం నొక్కితే ఆగే తాడు కూడా కుక్కపిల్లలకు వద్దు. లాగితే తాడు పెరుగుతుందని అది రోజూ పాఠం చెబుతుంది. ముధోల్, రాజపాళయం జాతులకు మెడ కంటే తల సన్నం, మామూలు బెల్టు జారిపోతుంది. వాటికి కొంతవరకే బిగిసి ఆగిపోయే మార్టింగేల్ పట్టీ ఉంది, కొలత చూసి అమర్చుకోవాలి.

వచ్చే సంచికలో చిన్న సవరణ వేయండి. చోటు లేకపోతే చోక్ చైన్ వాక్యం తీసేసి ఈ రెండూ వేసినా చాలు: బెల్టుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరాలి, పిల్ల ఎదుగుతుంటుంది కాబట్టి వారం వారం అది చూసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సైనిక్‌పురి, సికింద్రాబాద్