‘బకెట్‌లో పట్టి చూసినావా?’

అమ్మ ఫోన్లో ఇచ్చే స్టేటస్ రిపోర్ట్ ఎప్పుడూ ఒకటే. "బాగానే ఉండాది నాయనా." ఒంట్లో ఎలా ఉందని అడిగినా అదే, నాన్న షుగర్ మాత్రలు వేసుకుంటున్నాడా అని అడిగినా అదే. నేను బెంగళూరులో కూర్చుని సర్వర్లు సరిగ్గా నడుస్తున్నాయా లేదా అని చూసే ఉద్యోగం చేస్తుంటా. ఏ సర్వరైనా అన్నిటికీ ఒకే జవాబు చెబితే ముందు దాన్నే అనుమానిస్తా. అమ్మని మాత్రం నమ్మేశా.

మొన్న దసరాకి ఉదయగిరి వెళ్లా. బ్యాగు లోపల పెట్టి కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి పోతే బట్టలుతికే బండ తడిగా ఉంది. పక్కనే బకెట్, బ్రష్షు, సగం అరిగిన సబ్బు. వెనక వరండాలో వాషింగ్ మెషీన్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. దుప్పటి మీద ఉల్లిపాయల బుట్ట.

ఆ మెషీన్ ఊరికే కొన్నది కాదు. మూడేళ్ల కిందట అమ్మ బాత్రూం గడప దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన రోజు డాక్టర్ గారు ఒకటే చెప్పారు: బట్టలు పిండే పని పెట్టుకోవద్దమ్మా అని. ఆ నెల జీతంతోనే కొన్నా. ఫుల్లీ ఆటోమేటిక్, పైనుంచి బట్టలు వేసే టాప్ లోడ్.

"ఇది ఎప్పుడు ఆగిపోయింది?"

"మొన్ననే నాయనా."

నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా, "వరలక్ష్మీ వ్రతం ముందు రోజు" అన్నాడు.

అంటే దాదాపు రెండు నెలలు. ఆ రెండు నెలలూ విరిగిన చేత్తోనే దుప్పట్లు, నాన్న పంచెలు పిండింది. విషయం ఏమిటంటే, ఎవరో రిపేరు మనిషి వచ్చాడట. రెండు బటన్లు నొక్కి చూసి, "బోర్డు పోయింది, ఆరున్నర వేలవుతుంది" అని చెప్పి, వచ్చినందుకు డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడట. మరి నాకెందుకు చెప్పలేదంటే, "నువ్వే అంటివి కదా, ఆఫీసులో మనుషుల్ని తీసేస్తా ఉండారని. ఇంక నీకెందుకు ఈ గొడవ?" అంది. ఉగాదికి నేను మాటవరసకి అన్న మాట అది. నేను మర్చిపోయినా అమ్మ మర్చిపోలేదు.

సిగ్గుతో వచ్చే ఆవేశం మంచిది కాదు. ఆ రాత్రి రెండింటి దాకా బోర్డు రిపేరు వీడియోలే చూశా. రిలేలు, ట్రయాక్‌లు, మల్టీమీటర్... ఇంజనీరింగ్‌లో వదిలేసిన సబ్జెక్టులన్నీ తిరిగొచ్చాయి. బోర్డు విప్పి ఫొటోలు తీశా. కాలినట్టు ఎక్కడా కనపడలేదు. అయినా సరే, పొద్దున్నే బస్సెక్కి ఆత్మకూరు వెళ్లా, పాత బోర్డు ఏదైనా దొరుకుతుందేమో అని.

అక్కడ చిన్న షాపులో మిక్సీలు, మోటార్లు, మెషీన్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. నా ఫొటోలన్నీ ఓపిగ్గా చూశాడు. తర్వాత అడిగాడు.

"మెషీన్ ఏం చేస్తా ఉండాది?"

"ఆన్ అవుతుందన్నా. నీళ్లు సన్నగా వస్తాయి. కాసేపటికి కూత పెట్టి ఎర్రర్ చూపించి ఆగిపోతుంది."

"సన్నంగా అయినా వస్తుండాయి కదా. అంటే బోర్డు చెప్తా ఉండాది, వాల్వు తెరుచుకుంటా ఉండాది. మరి అడ్డం యాడుంది? పైపు ఊడదీసి బకెట్‌లో పట్టి చూసినావా?"

చూడలేదు. రాత్రంతా మేలుకుని కూడా ఆ పని చేయలేదు. ఆయన బోర్డు అమ్మలేదు, డబ్బులూ తీసుకోలేదు. "ముందు అది చూసి ఫోన్ చెయ్యి" అని పంపించేశాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నా. ఆఫీసులో జూనియర్లకి నేను రోజూ చెప్పే మాటే అది. యూజర్ దగ్గర మొదలుపెట్టు, ఒక్కో మెట్టూ లోపలికి వెళ్లు అని. ఇంట్లో మాత్రం సరాసరి మదర్‌బోర్డు మీద పడ్డా.

ఇంటికొచ్చి ప్లగ్ తీసేసి, కుళాయి కట్టేసి, పైపు ఊడదీశా. ఆ పైపు కింద బకెట్ పెట్టి కుళాయి తిప్పా. నీళ్లు బాగానే వచ్చాయి. పదిహేను లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండింది. అంటే కుళాయి, పైపు రెండూ ఓకే. ఇక మెషీన్ వెనక, పైపు బిగించే చోట చూశా. అక్కడ వేలి మొన అంత ప్లాస్టిక్ జల్లెడ ఒకటుంటుంది. ఇసుక, తుప్పు వాల్వులోకి వెళ్లకుండా ఆపడానికి పెట్టింది. నోస్ ప్లయర్‌తో మెల్లగా లాగితే బయటికొచ్చింది. జల్లెడ అనడానికి లేదు, సున్నం బిళ్లలా ఉంది.

ఉదయగిరి బోరు నీళ్లు ఎలాంటివో అమ్మకి ల్యాబ్ రిపోర్ట్ అక్కర్లేదు. పప్పు తొందరగా ఉడకదు, సబ్బు నురగ రాదు, స్టీలు కుళాయి మీద తెల్ల చారలు తుడిచినా పోవు. అదే కఠిన జలం. రాతినేలలోంచి నీళ్లు దిగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం కరిగి వస్తాయి. తాగే నీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చు. మా మెట్ట ప్రాంతపు బోర్లలో ఫ్లోరైడ్ బాధ కూడా ఉంది. మెషీన్‌కి దానితో పనిలేదు కానీ, మనుషులకి ఉంది. అందుకే తాగే నీళ్ల సంగతి వేరేగా చూసుకోవాలి.

ఆ సున్నాన్ని కరిగించడానికి పెద్ద కెమికల్ ఏమీ అక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాలు కలిపి జల్లెడ అందులో వేశా. కాసేపటికి బుడగలు మొదలయ్యాయి. గంట తర్వాత మిగిలిన ముక్కల్ని పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోయాయి. మొండిగా అంటుకున్న ఒక ముక్కని మా ఊరి చెక్క స్పూను కొనతో తీశా. ఇనుప సూది పెడితే జల్లెడ చిరుగుతుంది. తిరిగి పెట్టి, వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూసి, పైపు చేత్తోనే బిగించి, కుళాయి తిప్పా. లీక్ లేదు. ప్లగ్ పెట్టి స్టార్ట్ నొక్కితే నీళ్లు ధారగా పడ్డాయి.

అమ్మ వంటింట్లోంచి వచ్చి మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది. "ఇంతేనా?" అంది.

ఇంతే. ఆరున్నర వేల బోర్డు కాదు, పది రూపాయల నిమ్మ ఉప్పు.

ఇక్కడ ఇంకో సంగతి తెలిసింది. జల్లెడ అంత తొందరగా ఎందుకు దెబ్బతీసిందంటే, మా ట్యాంకు మిద్దె మీదే ఉంది. పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే సుమారు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. మెషీన్ నుంచి మా ట్యాంకు ఎత్తు పదడుగులు, అంటే మూడు మీటర్లు, అంటే 0.3 బార్. చాలా మెషీన్లు కనీసం అడిగేది దాదాపు అంతే. మొదటి నుంచీ బొటాబొటీ పాస్ మార్కులే మాకు. జల్లెడ కాస్త మూసుకోగానే ఫెయిల్. నిర్ణీత టైములో నీళ్లు నిండకపోతే మెషీన్ ఆగిపోతుంది. అది మెషీన్ పాడవడం కాదు, నీళ్లు రావట్లేదని మనకి చెప్పడం.

కాబట్టి మీ ఇంట్లో మెషీన్ ఆగితే బోర్డు దాకా పోకముందు ఈ నాలుగూ వరసగా చూడండి.

ఒకటి, కరెంటు. అదే సాకెట్లో ఇంకో వస్తువు పెట్టి చూడండి. లైట్లు డిమ్ముగా ఉండి మోటారు మూలుగుతుంటే ముందు వోల్టేజీని అనుమానించండి.

రెండు, నీళ్లు. బకెట్ పరీక్ష, తర్వాత జల్లెడ.

మూడు, మూత. సరిగ్గా మూసుకోకపోతే మెషీన్ తిరగదు. మూత దగ్గర చిక్కుకున్న గుడ్డపీలిక కూడా మెషీన్‌ని ఆపగలదు.

నాలుగు, బయటికి పోయే నీళ్లు. డ్రెయిన్ పైపు మెలికపడిందేమో చూడండి. ఫ్రంట్ లోడ్ అయితే కింద చిన్న తలుపు వెనక ఫిల్టర్ ఉంటుంది. చిల్లర, పిన్నీసులు అక్కడే దొరుకుతాయి. విప్పేముందు కింద పళ్లెం పెట్టుకోండి, నీళ్లొస్తాయి.

ఎర్రర్ కోడ్ అర్థం కంపెనీని బట్టి మారుతుంది. మాన్యువల్ చివరి పేజీల్లో చూడండి. ఏది ముట్టుకున్నా ముందు ప్లగ్ తీయాలి. కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా షాక్ కొట్టగలదు, అందుకే వెనక మూత విప్పాల్సిన పని మెకానిక్‌కే వదిలేయండి. నిమ్మ ఉప్పు వాడినప్పుడు బ్లీచింగ్ అస్సలు కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మెకానిక్ బోర్డు పోయిందంటే మర్యాదగా ఒక్కటే అడగండి: "ఏం చెక్ చేసి చెప్పారన్నా?" తెలిసినవాళ్లు చూపిస్తారు.

స్వీడన్ డాక్టర్ హన్స్ రోస్లింగ్ 2010లో టెడ్ వేదిక మీద వాషింగ్ మెషీన్ గురించి మాట్లాడాడు. చిన్నప్పుడు వాళ్లింటికి మొదటి మెషీన్ వచ్చిన రోజు వాళ్ల నాయనమ్మ దాని ముందు కూర్చుని మొత్తం చూసిందట. మెషీన్ మిగిల్చిన టైములో వాళ్లమ్మ అతన్ని లైబ్రరీకి తీసుకెళ్లిందట. కాలేజీలో ఆ వీడియో చూసి షేర్ చేశా. మా ఇంట్లో మెషీన్ ఆగిన రెండు నెలల్లో మా అమ్మ టైము, మణికట్టు ఎటు పోయాయో మాత్రం నాకు తెలియలేదు.

బెంగళూరు వచ్చేముందు అమ్మ చేతే ఒకసారి జల్లెడ తీయించి, పెట్టించా. రెండు నెలలకోసారి క్యాలెండర్‌లో గుర్తు పెట్టింది. ఫోన్లో నా ప్రశ్న కూడా మార్చా. "మెషీన్ బాగుందా" అని అడగడం లేదు. "నిన్న బట్టలు ఎందులో ఉతికావు?" అని అడుగుతున్నా. దానికి "బాగానే ఉండాది" అనే జవాబు కుదరదు.

పోయిన ఆదివారం అడిగితే అమ్మ ఒక్క క్షణం ఆగింది. "దుప్పట్లు మెషీన్లో వేసినా. మీ నాయన పంచెలు మాత్రం బండ మీదే. మెషీన్లో తెల్లగా రావని గొడవ చేస్తాడు."

ఫోన్ నాన్నకి ఇవ్వమన్నా.