జుయ్‌మంటోంది... నీళ్లేవీ?

మొన్న వానల్లో అమ్మని తీసుకుని హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరా. సూర్యాపేట దాటాక ముందు పోతున్న టిప్పర్ ఓ గుంటలో దిగి, బురదంతా మా ముందద్దం మీద కుమ్మరించింది. వైపర్ వేస్తే అది తుడవలేదు, శుభ్రంగా అలికింది! లివర్ లాగా. నీళ్లు రాలేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. అమ్మ 'ఒరేయ్ ఒరేయ్' అంటుండగా, అద్దం దించి తల బయటపెట్టి ఎలాగో పక్కకి ఆపా. తాగే నీళ్లతో అద్దం కడుక్కుని, దగ్గర్లో ఉన్న షెడ్డుకి మెల్లగా పోనిచ్చా.

'మోటారు పోయింది సార్, మార్చాలి' అన్నాడు మెకానిక్. బానెట్ కూడా ఎత్తలేదు. కానీ లివర్ లాగినప్పుడల్లా సన్నగా జుయ్‌మని వినిపిస్తోంది. పోయిన మోటారు చప్పుడెలా చేస్తుంది?

మీరూ ఓసారి చూడండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్‌లో పెట్టి, ఏసీ ఫ్యాన్ ఆపి, లివర్ లాగి చెవి పెట్టండి. చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు చూడాలి. ఏది వాషర్‌దో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పోయి ఉంటే అదే ఆంపియర్లది వేయండి, పెద్దది వద్దు. ఫ్యూజు బాగుంటేనే మోటారు, వైరు, స్విచ్చుల మీద అనుమానం. చప్పుడు వస్తోందా? అయితే కరెంటు అందుతోంది, మోటారు తిరుగుతోంది. ట్యాంకు ఖాళీ అన్నా అయ్యుండాలి, పైపు ఊడన్నా ఉండాలి, నాజిల్ అన్నా పూడుకుని ఉండాలి. అన్నట్టు, నీళ్లు రావట్లేదని లివర్ అలాగే పట్టుకుని కూర్చోకండి. ట్యాంకు ఖాళీగా ఉంటే మోటారు నిజంగానే పోతుంది.

మా ట్యాంకు నిండుగానే ఉంది. బానెట్ కింద నాజిల్‌కి వెళ్లే సన్న పైపు ఊడదీసి, అమ్మని లివర్ లాగమన్నా. పైపులోంచి నీళ్లు చిమ్మాయి. అంటే అడ్డం నాజిల్‌లోనే! చూస్తే రంధ్రాల చుట్టూ సున్నంలా తెల్లగా పేరుకుంది. ఏడాదిగా నేను పోస్తున్నది మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు, పైగా కాస్త షాంపూ. తప్పు నాదే. రెండు వారాల ముందే ఎడమ నాజిల్ ఆగిపోయింది. నేను కూర్చునేది కుడివైపే కదా అని వదిలేశా.

అమ్మ గాజులకున్న పిన్నీసు తీసిచ్చింది. దాని కొనతో మెల్లగా గీకి, రెండుమూడుసార్లు లివర్ లాగితే ధార వచ్చింది. సన్న సూదైతే ఇంకా మేలు. పిన్నీసు అటూ ఇటూ తిప్పినందుకు గురి మారి, మొదటి ధార కారు మీదుగా పోయి వెనక నిల్చున్న మెకానిక్ మీద పడింది. పాపం, నవ్వేశాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఇప్పుడు ఫిల్టర్ నీళ్లలో వాషర్ లిక్విడ్ కలిపి పోస్తున్నా. ఆ రోజు మాత్రం విజయవాడ చేరేదాకా అమ్మ ప్రతి పావుగంటకీ 'ఓసారి కొట్టరా, చూద్దాం' అంటూనే ఉంది.