ఆటకు వెల యొకటి, వసూలు వేఱొకటి

అంగడిలో బిస్కత్తుల పొట్లము కొన్నవాడు దానిపై అచ్చువేయబడిన ధరకంటె నొక్క రూపాయియైనను అధికముగ నీయ నక్కఱలేదు. అన్ని పన్నులతో గూడిన గరిష్ఠ చిల్లర ధరను పొట్లముపై ముద్రింపవలయునని 2011 సంవత్సరపు ప్యాకేజి వస్తువుల నిబంధనలు శాసించుచున్నవి. ఐదు రూపాయల పొట్లమునకు ఇంతటి రక్షణ నొసగిన మన దేశమున, వేల రూపాయల వెలగల వీడియో ఆటల వర్తకమునకు అట్టి కట్టుబాటు లేకుండుట మిక్కిలి వింతగ నున్నది. నేడు ఆటను కొనువాడు మొదట చెల్లించు సొమ్ము అనేక సందర్భములలో పూర్తి ధర గాదు. ద్వారముకడ చెల్లించు ప్రవేశరుసుము మాత్రమే. అసలు వసూలు లోపల ప్రారంభమగుచున్నది.

ఈ పద్ధతి నిన్న నేడు పుట్టినది గాదు. 2006 ఏప్రిలులో బెథెస్డా యను అమెరికను సంస్థ 'ఆబ్లివియన్' అను తన యాటలోని గుఱ్ఱమునకు తొడుగు కవచమును రెండున్నర డాలర్లకు వేఱుగ విక్రయించెను. పూర్తి వెల యిచ్చి యాటను కొన్నవారు ఒక బొమ్మగుఱ్ఱపు కవచమునకై మరల సంచి విప్పవలసివచ్చెనే యని ఆనాడు లోకము నవ్వినది. వర్తకులు మాత్రము ఆ నవ్వును లెక్కసేయక, ఆ విక్రయమునుండియే పాఠము నేర్చుకొనిరి. పిమ్మట వేషములకొక వెల, ఆయుధములకొక వెల, నాట్యభంగిమల కొక వెల యేర్పడినవి. అట్లని మొదటి ధర తగ్గినదా? అదియును లేదు. 2020 లో ప్లేస్టేషన్ 5 వెలువడినప్పుడు పెద్ద యాటల ధర అమెరికాలో 60 డాలర్లనుండి 70 డాలర్లకు పెరిగినది. మన దేశమున సోనీవారి కొన్ని యాటలు 4,999 రూపాయలకు విక్రయింపబడినవి.

ఐతే అదనపు సొమ్ము పుచ్చుకొనుట యెల్ల దోషమని మేము చెప్పము. నాటకశాలలో నేల టిక్కెట్టునకు ఒక వెలయు, కుర్చీకి మఱియొక వెలయు నుండుట మనమెల్లర మెఱిగినదే. ఆ వెలలు ద్వారముకడనే పలకపై వ్రాయబడియుండును. ఇష్టమున్నవాడు కుర్చీ కొనును. లేనివాడు నేలపై గూర్చుండి ఆ నాటకమునే చూచును. పోలెండు దేశపు సంస్థయొకటి తన 'విచర్ 3' అను నాటకు 2016 లో చేర్చిన 'బ్లడ్ అండ్ వైన్' భాగమునందు క్రొత్త దేశమును క్రొత్త కథయు గలవు. క్రొత్త శ్రమకు క్రొత్త వెల యడుగుట న్యాయము. 2023 లో 'స్టార్‌ఫీల్డ్' అను నాటను 70 డాలర్లిచ్చి కొన్నవారు సెప్టెంబరు 6 వరకు వేచియుండవలసివచ్చెను. 100 డాలర్లిచ్చినవారికి సెప్టెంబరు 1వ తేదీనాడే తలుపులు తెఱువబడెను. తరువాత రానున్న కథాభాగ మొకటి ఆ ధరలో చేరియుండినను, ఐదు దినముల తొందరకు సయితము వెలగట్టుట మాకు రుచింపదు. కాని అది రుచికి సంబంధించిన మాట, వంచన గాదు. ఏది యెంతయో ముందుగ తెలిసినది; కొన్నవాడు తెలిసియే కొనెను.

మేము దోషమనునది వేఱు. వెల తెలియకుండ విక్రయించుట మొదటి దోషము. లూట్ బాక్సు లనబడు అదృష్టపు పెట్టెలు ఇట్టివి. సొమ్ము ముందు చెల్లింపవలయును. లోపల నేమున్నదో పెట్టె తెఱచిన పిమ్మట గాని తెలియదు. 2017 నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్సు సంస్థవారు 'స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2' అను నాటలో ఇట్టి పెట్టెలను ప్రవేశపెట్టగా, పూర్తి ధర చెల్లించిన యాటగాండ్రు తిరుగబడిరి. ఆట విడుదలకు ముందటి దినముననే లోపలి విక్రయములను నిలిపివేయవలసివచ్చెను. 2018 లో బెల్జియము దేశపు జూదనియంత్రణ సంఘము మూడు ప్రసిద్ధమైన యాటలలోని పెట్టెలు చట్టవిరుద్ధమైన జూదమని ప్రకటించెను. నెదర్లాండ్సులో మాత్రము 2022 లో ఉన్నత న్యాయస్థానము ఇట్టి పెట్టె ప్రత్యేకముగ నొక జూదము గాదని, ఆ సంస్థపై విధింపబడిన కోటి యూరోల జరిమానాను కొట్టివేసినది. కావున జూదమను మాటకు అర్థమేమి యనుటయందు పండితులు వాదించుకొనవచ్చును. కాని జాతరలో చక్రము త్రిప్పువాని యెదుట నిలిచిన పిల్లవానిని చూచిన తల్లికి ఆ వాదముతో పనిలేదు.

రెండవ దోషము, నాణెమును మార్చుట. 'గెన్షిన్ ఇంపాక్ట్' అను ప్రవేశరుసుము లేని యాటనే చూడుడు. అందు సొమ్ముతో మొదట స్ఫటికములు కొనవలయును. వానిని రత్నములుగ మార్చవలయును. 160 రత్నముల నిచ్చిన నొక పర్యాయము అదృష్టమును పరీక్షించుకొనవచ్చును. ఉత్తమశ్రేణి పాత్ర లభించుటకు ఒక్కొక్క పర్యాయమునకు గల అవకాశము నూటికి 0.6 మాత్రమే. తొంబదవ పర్యాయమునకు నిశ్చయముగ నొకటి యిత్తురట. అనగా 14,400 రత్నములు. అప్పుడు వచ్చునది తాను కోరిన పాత్రయే యగునను నమ్మకమైనను లేదు. దీనిని రూపాయలలోనికి మార్చి లెక్కకట్టుట పెద్దలకే కష్టము; పండ్రెండేండ్ల బాలుని మాట చెప్పనేల? ఆ కష్టమే వర్తకుని లాభము. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను ఈ యాట ప్రచురణకర్తలతో రెండుకోట్ల డాలర్ల పరిష్కారమును ప్రకటించుచు, పదునాఱేండ్లలోపువారికి తల్లిదండ్రుల యనుమతి లేక ఇట్టి పెట్టెలు విక్రయింపరాదనియు, అవకాశముల లెక్కలను మారకపు రేట్లను బయలుపఱుపవలయుననియు నిబంధన విధించినది.

మూడవ దోషము, బాలుని చేతినుండి తండ్రి సొమ్మును గైకొనుట. పిల్లలు తల్లిదండ్రుల సమ్మతి లేక చేసిన కొనుగోళ్లకై 2014 లో ఆపిల్ సంస్థ కనీసము 3 కోట్ల 25 లక్షల డాలర్లు వాపసు చేయుటకు ఒప్పుకొనవలసివచ్చెను. 2022 డిసెంబరులో 'ఫోర్ట్‌నైట్' ఆటను నడపు ఎపిక్ గేమ్సు సంస్థ, మీటలను మోసకరముగ నమర్చి ఆటగాండ్రచే అనవసరముగ కొనిపించినదను నభియోగముపై 24 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను.

ఇక మన దేశపు సంగతి. మైనరు చేసికొన్న ఒడంబడిక మొదటినుండియు చెల్లదని 1872 సంవత్సరపు కాంట్రాక్టు చట్టమును వ్యాఖ్యానించుచు ప్రీవీ కౌన్సిలు 1903 లోనే తీర్పు చెప్పినది. న్యాయము కాగితముపై బాలుని పక్షముననే యున్నది. కాని ఐదువందల రూపాయలను రాబట్టుకొనుటకై ఏ గుమాస్తా, ఏ బడిపంతులు వకీలును పెట్టుకొని విదేశ సంస్థపై వ్యాజ్యము నడపగలడు? చిన్న మొత్తములను పెక్కుమందినుండి గైకొనుటలోని రహస్య మిదియే: నష్టము అందఱిది, ఫిర్యాదు ఎవ్వరిదియు గాదు. అందుచే రక్షణ కొనుగోలునకు పూర్వమే యుండవలయును గాని పిమ్మట గాదు.

జూదపుటాటల విషయమున మన ప్రభుత్వములు నిదురింపలేదు. తెలంగాణ ప్రభుత్వము 2017 లోను, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020 లోను ఆన్‌లైను పందెములను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్ము పెట్టి సొమ్ము గెలుచు నాటలను దేశమంతటను నిషేధించు చట్టమును ఆమోదించినది. కాని సొమ్ము పెట్టి బొమ్మను గెలుచు పెట్టెను ఆ చట్టము పేరెత్తి చెప్పలేదు. వినియోగదారుల రక్షణకై 2023 నవంబరులో వెలువడిన మార్గదర్శకములు పదుమూడు విధములైన మోసపు పద్ధతులను నిషేధించుచు, ధరను కొంచెము కొంచెముగ బయలుపెట్టుటయు అందొకటి యని చెప్పినవి. ఉచితముగ చదరంగ మాడుమని పిలిచి, ఏడుదినముల పిమ్మట సొమ్మడుగుటను అందు ఉదాహరణముగ జూపిరి. సూత్ర మున్నది; దానిని పెద్ద యాటల పెట్టెలకు రత్నములకు వర్తింపజేయు పట్టుదలయే కావలయును.

వర్తకుల పక్షమునను ఒక మాట కలదు. ఆటల నిర్మాణవ్యయము ఏటేట పెరుగుచున్నదనియు, ఇష్టమున్నవారు కొందఱు చెల్లించుటచేతనే తక్కినవారు ఉచితముగ నాడగలుగుచున్నారనియు వారందురు. వ్యయము పెరిగినచో ధరను పెంచి, ఆ ధరను పైకి చెప్పుడు. దానిని కాదనువారు లేరు. ఇష్టపూర్వకమని చెప్పునది నిజముగ నిష్టపూర్వకమే యైనచో, రూపాయలలో వెల చూపుటకు భయమేల? మూసిన పెట్టె యేల? వెలుతురులో నిలువలేని బేరము బేరము గాదు.

కావున మేము కోరునది స్వల్పము. ఆటలోపల విక్రయింపబడు ప్రతి వస్తువునకును రూపాయలలో వెల చూపబడవలయును. అదృష్టముపై నాధారపడిన విక్రయమున్నచో ఆ సంగతియు, దాని యవకాశముల లెక్కయు కొనుటకు ముందే స్పష్టముగ చెప్పబడవలయును. పదునెనిమిదేండ్లు నిండనివారికి అట్టి విక్రయము బొత్తిగ నిషేధింపబడవలయును. ఇందు ఆటలను చంపు నియమమొకటియు లేదు. వర్తకమున సత్యమును నిలుపు నియమములే యున్నవి.

తల్లిదండ్రులకును ఒక మాట. ఫోనును బాలుని చేతికిచ్చి, అందు ఖాతాను తెఱచియుంచుట డబ్బుపెట్టెకు తాళము వేయక సంతకు బోవుటవంటిది. అనుమతి లేనిదే కొనుగోలు జరుగకుండ అమర్చుకొను సదుపాయము ఆపిల్, గూగుల్ దుకాణములు రెంటియందును గలదు. నేటి సాయంకాలమే అమర్చుకొనుడు. బాలుని తిట్టుటకు ముందు వానిప్రక్క గూర్చుండి, ఆ రత్నమునకు ఎన్ని రూపాయలో వానిచేతనే లెక్కకట్టింపుడు. ఆ లెక్క తెలిసిన బాలుడు రేపు పౌరుడైనప్పుడు ఏ వర్తకుడును, ఏ ప్రభుత్వమును వాని కన్నులు గప్పజాలదు.